మూడో రాత్రి

2021 మే నెలలో మూడు రాత్రులు నేను ఒకాయనతో వాదించాను. ఆయనది ఏ ఊరో తెలియదు, వయసెంతో తెలియదు. ఫోను తెరమీద కనిపించే పేరు అమ్మానాన్నలు పెట్టిందో, తనే పెట్టుకున్నదో కూడా తెలియదు. ఫొటో ఉండాల్సిన చోట ఎర్రమందారం బొమ్మ ఉండేది. మా వాదం కృష్ణపట్నం మందు గురించి.

ఆ రోజుల్ని నెల్లూరు జిల్లా వాళ్లకు గుర్తుచేయనక్కర్లేదు గానీ, దూరాన ఉన్నవాళ్ల కోసం నాలుగు మాటలు. కరోనా రెండో విడత ముదిరింది. మే 5 నుంచి రాష్ట్రమంతటా మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. ఆసుపత్రిలో ఒక్క పడక కోసం ఫోనులో ఉన్న ప్రతి నంబరుకూ చేసేవాళ్లం. అలాంటి సమయంలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారు కరోనాకు మందు ఇస్తున్నారని, పైసా తీసుకోవడం లేదని కబురు పాకింది. మే 21న వచ్చిన జనాన్ని అదుపు చేయడం ఎవరివల్లా కాక పంపిణీ ఆగింది. ప్రభుత్వం ఆయుష్ అధికారులను పంపింది, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి పరిశీలన మొదలుపెట్టింది. మే 31న అనుమతి వచ్చేదాకా, ఆ పది రోజులూ మందు ఆగింది గానీ మాట ఆగలేదు. ప్రతి ఫోనులోనూ అదే రచ్చ. నా మూడు రాత్రులూ ఆ పదిలోవే.

పరీక్షించని మందును నమ్మి ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం చేస్తే ప్రాణం పోతుందని నా వాదన. పరీక్షించిన మందులు వాడినవాళ్లు బతికారా అని ఆయన ప్రశ్న. మొదటి రాత్రి ఇద్దరం మర్యాదగానే ఉన్నాం, ‘అండీ’ అనుకున్నాం. రెండో రాత్రి ‘అండీ’ పోయింది. నేను ఐసీఎంఆర్ అంటే ఆయన మందుల కంపెనీలన్నాడు. నేను ఒక వార్త అతికిస్తే ఆయన ఒక వీడియో అతికించాడు. మూడో రాత్రి, ఒంటిగంట దాటాక, నేనొక మాట రాశాను: “మీలాంటి వాళ్ల వల్లే జనం చచ్చిపోతున్నారు.”

దానికి జవాబు రాలేదు. పావుగంట చూశాను, అరగంట చూశాను. గెలిచాననుకుని పడుకున్నాను.

తెల్లారి ఆరున్నరకల్లా మైపాడు వైపు బయల్దేరాను. సముద్రం ఒడ్డున ఒక పాలెంలో నా చిన్ననాటి స్నేహితుడి నాన్న ఉంటాడు. నిక్కర్ల నాటి నుంచీ ఆయన్ని మామా అనే పిలుస్తాను. ఆయన కూడా ఆ మందు కోసం ప్రయత్నిస్తున్నాడని, ఎవరో తెచ్చిస్తామన్నారని ముందురోజు నా స్నేహితుడు చెన్నై నుంచి ఫోను చేశాడు. నువ్వెళ్లి ఒకసారి మాట్లాడరా, నా మాట వినడు అన్నాడు.

వేట నిషేధం నడుస్తోంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవలు కదలవు. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. మామ తాటాకుల పందిరి కింద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకున్నాడు. చిరిగిన కన్ను దొరికిందాకా వేళ్లతో తడుముతాడు. దొరికాక సూది ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి తిప్పి, ముడి బిగించి, మిగిలిన దారాన్ని పంటితో తెంపుతాడు. ముడి వేసేటప్పుడు మాట్లాడడు, మనం మాట్లాడినా వినడు. ముడి పడ్డాక తలెత్తి, “ఊ, చెప్పు” అంటాడు.

మూడు రాత్రులుగా పదునుపెట్టుకున్న వాదనలన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. నేను ఒక మాట అనడం, ఆయన ఒక ముడి వేయడం. ఆ ముడి పడేలోగా నా రెండో మాట నాకే పెళుసుగా వినిపించేది, మార్చుకునేవాణ్ని. చివరికి ఆయనే అన్నాడు: “అబ్బయ్యా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. ఆసుపత్రికి పోతే మంచం లేదంటారు. నువ్వు ఇప్పిస్తావా?”

ఇప్పించలేను. ఆ మాటే ఒప్పుకున్నాను. అప్పటిదాకా ఆయన మందు గురించి మాట్లాడుతున్నాడనుకున్నాను, ఆయన మంచం గురించి మాట్లాడుతున్నాడు. అది తెలిశాక పని తేలికైంది. లోపలికి తీసుకునేది ఆయన ఇష్టం. ఆ మందుతో పాటు ఇచ్చే కంటి చుక్కలు మాత్రం వేసుకోకూడదు. నేను తెచ్చిన ఆక్సీమీటరు పొద్దునా సాయంత్రం వేలికి పెట్టుకోవాలి, 94 కన్నా తగ్గితే ఆ పూటే నాకు ఫోను చేయాలి, మంచం సంగతి నేనూ ఆయన కొడుకూ కలిసి చూస్తాం. సరేనన్నాడు. పావుగంట పట్టిందేమో. అత్త టీ తెచ్చింది. అప్పుడు నా ముఖంలోకి పరీక్షగా చూసి, “నిద్ర లేదా? కళ్లు ఎర్రగా ఉండాయి” అన్నాడు. ఫోనులో ఒకాయనతో జరిగిన గొడవ చెప్పాను. చివర రాసిన మాట మాత్రం చెప్పలేదు. మామ ముందు ఆ మాట నోటికి రాలేదు.

మే 31న వచ్చిన ప్రభుత్వ నిర్ణయం మా ఇద్దరిలో ఎవరినీ గెలిపించలేదు. ఆ మందుతో కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదని తేలింది, లోపలికి తీసుకుంటే హాని ఉన్నట్టూ తేలలేదు. కంటి చుక్కలకు ఆ రోజు అనుమతి రాలేదు. అనుమతి వచ్చినవి ఎవరి ఇష్టాన్ని బట్టి వాళ్లు వాడుకోవచ్చు, డాక్టర్లు రాసిన మందులు మాత్రం ఆపొద్దు అన్నారు. మామతో నేను కుదుర్చుకున్న ఒప్పందం ఇంచుమించు ఇదే. పరిశోధన మండలి నివేదిక కోసం రాష్ట్రమంతా కొట్టుకుంటుంటే, ఒక పందిరి కింద ఇద్దరు మనుషులు దాని దరిదాపుల్లోకి ముందే వచ్చారు. మందారపువ్వాయనతో ఒక్క అంగుళం కూడా ఎందుకు జరగలేకపోయాను?

మనది వాదం తెలియని జాతి కాదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు కవులకూ నడిచిన పోటీని మన పెద్దలు కథలుగా చెప్పుకున్నారు. అంతకన్నా ఎంతో ముందే గౌతముడి న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ని పడగొట్టడానికే చేసేది వితండం. ఈ మూడోదాని పేరు ఇప్పటికీ మన ఇళ్లలో వాడుకలో ఉంది. కానీ నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకొక మాట: నిగ్రహస్థానం. వాదంలో ఎక్కడ ఓడినట్టో చెప్పే చోట్లు అవి, లెక్కకు 22. ప్రతిపక్షి మాటను తిరిగి చెప్పలేకపోతే ఒకటి. జవాబు తోచకపోతే ఒకటి, దాని పేరు అప్రతిభ. వేరే పనుందని సాకు చెప్పి మధ్యలో లేచిపోతే ఒకటి, అది విక్షేపం. వాదం ఆగాల్సిన చోటుకు నిగ్రహమని పేరు పెట్టినవాళ్లను తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మనం కోపాన్ని దిగమింగుకోవడానికి వాడుకునే మాట కూడా అదే కదా.

వాదం జరిగే సభలో మధ్యస్థులు ఉంటారు. పాలెంలో వలల దగ్గరో వేట దగ్గరో తగువొస్తే పెద్దలు కూర్చుంటారు, వాళ్లను కాపులంటారు. ఇద్దరి మాటా విని, ఇక చాలు అంటారు. ఎదురుగా ఉన్నవాడు మాట రాక ఆగాడో, దగ్గు వచ్చి ఆగాడో అక్కడ కళ్లకు కనిపిస్తుంది. ఫోనులో జవాబు రాకపోతే దాన్ని అప్రతిభ అనుకోవడమే నాకు తెలుసు. అది నిద్ర కావచ్చు, విసుగు కావచ్చు. పక్కగదిలో ఎవరికో ఊపిరి అందక ఫోను కింద పడేసి పరుగెత్తడం కావచ్చు. ఆ మే నెలలో అలా పరుగెత్తని ఇల్లు మన జిల్లాలో ఎన్ని?

గెలవాలన్న ఆ కోరిక ఎక్కడ పుట్టిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. సముద్రం మూసేశారు, రోడ్డు మూసేశారు, ఆసుపత్రులు నిండిపోయాయి. చేయడానికి చేతుల్లో ఏమీ లేక, కదిలేది బొటనవేలు ఒక్కటే అయింది. ఆయనదీ అదే పరిస్థితి అయి ఉండాలి. ఇద్దరం భయపడి, ఆ భయాన్ని ఒకరి మీద ఒకరం పారబోసుకున్నాం. ఆ మూడు రాత్రుల్లో ఒక్కసారైనా “మీ ఇంట్లో అందరూ బాగున్నారా?” అని నేను అడగలేదు. ఊళ్లో ఎంత బద్ధశత్రువునైనా ఆ రోజుల్లో మొదట అడిగిన మాట అదే.

తప్పు కనిపించినా నోరు మూసుకోవాలని నేను అనను. ప్రాణం మీదికి తెచ్చే అబద్ధాన్ని అబద్ధమని చెప్పి తీరాలి. మన నెల్లూరు తిక్కన తెలుగు చేసిన ఉద్యోగ పర్వంలో, సంధి కుదరడం కష్టమని తెలిసే కృష్ణుడు హస్తినకు వెళ్తాడు. ప్రయత్నం చేయలేదన్న మాట లోకం అనకూడదని వెళ్తాడు. వినేది దుర్యోధనుడొక్కడే కాదు, సభంతా వింటోంది. చెప్పాల్సింది నిండుగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పి తిరిగి వస్తాడు. మర్నాడు మళ్లీ వెళ్లి ఆ తలుపు తట్టడు. ఇప్పుడు నాకు ఆ హద్దు చాలు. తెలిసింది ఒక్కసారి, ఆధారంతో రాస్తాను. రెండోసారి రాయాలని వేళ్లు లాగినప్పుడు, ఆ సంగతి నిజంగా ఎవరికి తగులుతుందో వాళ్లింటికి వెళ్తాను, వెళ్లలేకపోతే ఫోను చేస్తాను. వేళ్లు ఇప్పటికీ లాగుతూనే ఉన్నాయి. మొన్న ఒక రాత్రి నాలుగు వాక్యాలు కొట్టి, మళ్లీ చెరిపేశాను. చెరపడం కొట్టినంత సులువు కాలేదు.

మళ్లీ వేట నిషేధం వచ్చింది. పోయిన ఆదివారం పాలెం వెళ్లాను. అదే పందిరి, వల మాత్రం వేరేది. ఆక్సీమీటరు ఇంకా గూట్లో ఉంది, అత్త దాన్ని గుడ్డలో చుట్టి దాచింది. మాటల్లో ఆ ఏడాది సంగతులు వచ్చాయి, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. మామ ఒక ముడి బిగించి, దారం తెంపి, తలెత్తాడు.

“అప్పుడు ఫోనులో ఎవురితోనో కొట్లాడితివే, ఆయన బతికుండాడా?”

తెలియదు మామా అన్నాను.