వినత ఎవరికి బాకీ?

మన అద్భుత కథల్లో మనిషిని బానిసను చెయ్యడానికి సంకెళ్లు అక్కర్లేదు. ఒక పందెమో, బాకీయో చాలు. భారతం ఆదిపర్వంలోని కద్రూవినతల కథే చూడండి. తల్లిని విడిపించడానికి అమృతం తెచ్చిన గరుత్మంతుడి వీరగాథగానే దాన్ని విన్నాం. అసలు తేవలసిన అవసరం ఏమిటని అడగలేదు.

ఉచ్చైశ్శ్రవం తోక నల్లగా ఉందని కద్రువ, గుర్రమంతా తెలుపేనని వినత పందెం వేసుకున్నారు. ఓడినవాళ్లు దాస్యం చెయ్యాలి. ఇద్దరూ దక్షుడి కూతుళ్లు, కశ్యపుడి భార్యలు. కద్రువ తన కొడుకులైన పాములను గుర్రం తోకకు చుట్టుకోమంది. కాదన్నవాళ్లను సర్పయాగంలో చావమని శపించింది. మర్నాడు తోక నల్లగా కనిపించింది, వినత దాసి అయింది. ఆమె కడుపున పుట్టిన నేరానికి గరుడుడు పాములను వీపున మోశాడు. పందెం వేసింది అతను కాదు కదా!

పాములు కపటం చేశాయని సంస్కృత భారతంలో వినత కొడుక్కి చెబుతుంది కూడా. అంటే బాకీయే లేదు. అయినా అంత బలవంతుడు "ఈ పందెం చెల్లదు" అనలేదు. విడుదలకు ఏం కావాలని పాములనే అడిగాడు. మోసం చేసినవాళ్లే వెల కట్టారు, అదీ స్వర్గంలో కాపలా మధ్య ఉన్న అమృతం.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది అనూరుడి శాపం. తొందరపడి గుడ్డు చిదిపినందుకు 500 ఏళ్లు సవతికి దాస్యం చెయ్యమని పెద్దకొడుకు ముందే తల్లిని శపించాడట. దాంతో కద్రువ మోసం కాస్తా వినత చేసుకున్న ఖర్మ అయిపోయింది. తాగుబోతు మొగుడి అప్పుకు చాకిరీ చేసే ఆడమనిషితో ఊరు అనేదీ ఈ మాటే.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం గరుడుడి దారి పట్టలేదు. వెట్టి బాకీ తీర్చమనలేదు, రద్దు చేసింది. ఇది వెట్టి బాకీ అని కూలీ గానీ విజిలెన్స్ కమిటీ గానీ అంటే, కాదని రుజువు చెయ్యవలసింది అప్పిచ్చినవాడేనని 15వ సెక్షన్ చెబుతోంది. మరి ఇటుక బట్టీలో అడ్వాన్సు కింద చిక్కుకున్న కుటుంబం కోసం వెళ్లినప్పుడు మనం, అంటే సంఘాల వాళ్లమే, "ఎంత బాకీ ఉన్నావమ్మా?" అని ఆమెను అడుగుతాం. ఒక్కోసారి చందాలు పోగుచేసి యజమానికి కట్టి వస్తాం కూడా. ఆ డబ్బుతో అతను ఇంకో కుటుంబానికి అడ్వాన్సు ఇవ్వడని ఏముంది?