స్పామ్ ఫిల్టర్ అందరికీ ఒకటే, నష్టం మాత్రం ఎవరిది వాళ్లదే

కొత్త ఫోన్ చేతికి రాగానే మనం ఏం చేస్తాం? రిఫ్రెష్ రేట్ మారుస్తాం, అక్కర్లేని యాప్స్ తీసేస్తాం, నోటిఫికేషన్లు ఒక్కొక్కటిగా సెట్ చేసుకుంటాం. మెయిల్ యాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం సెట్టింగ్స్ తెరిచి చూసేవాళ్లు తక్కువ. "జంక్ సంగతి జీమెయిల్ చూసుకుంటుందిలే" అని వదిలేస్తాం. నేను దీనికి ఒప్పుకోను. జీమెయిల్ ఫిల్టర్ చాలా మంచిదే, అందులో సందేహం లేదు. కానీ అది కోట్ల మందికి కలిపి తయారుచేసిన ఫిల్టర్. ఏ మెయిల్ పోతే మీకు ఎంత నష్టమో దానికి తెలియదు. ఆ సంగతి దానికి మీరే చెప్పాలి.

ఇది అర్థం కావడానికి ఉప్పల్, నాచారం చాలు. హైదరాబాద్ తూర్పు వైపు పక్కపక్కనే ఉన్న ఏరియాలు. రెండు చోట్లా మెయిల్ మీద ఆధారపడి బతికేవాళ్లున్నారు. కానీ వాళ్ల భయాలు ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం.

ఉప్పల్ భయం: మంచి మెయిల్ స్పామ్‌లో పడటం

ఉప్పల్, రామంతాపూర్, బోడుప్పల్ హాస్టళ్లలో, షేరింగ్ రూముల్లో ఉద్యోగం వెతుక్కుంటూ ఉండేవాళ్లు చాలామంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే కోచింగ్‌కి అమీర్‌పేట్‌లో, ఇంటర్వ్యూకి రాయదుర్గంలో దిగొచ్చు, మధ్యలో రైలు మారే పని కూడా లేదు. వీళ్లు వరసపెట్టి కంపెనీలకు అప్లై చేస్తారు. జవాబు ఏ అడ్రస్ నుంచి వస్తుందో ముందే తెలియదు. ఒక్కోసారి కంపెనీ పేరు మీద కాకుండా, వాళ్ల తరఫున ఆన్‌లైన్ టెస్ట్ పెట్టే ఇంకో సంస్థ నుంచి వస్తుంది. "ఈ లింక్ నొక్కి 24 గంటల్లో టెస్ట్ పూర్తి చేయండి" అని ఉంటుంది. ఎప్పుడూ చూడని అడ్రస్, ఒక లింక్, పైగా తొందరపెట్టే మాట. ఫిల్టర్ కంటికి ఇవన్నీ స్పామ్ లక్షణాలే.

ఇక్కడ తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో మెయిల్ 30 రోజులే ఉంటుంది, తర్వాత దానంతట అదే డిలీట్ అయిపోతుంది. రెండోది, మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్‌లో ఉన్నవి రిజల్ట్స్‌లో కనిపించవు. కంపెనీ పేరు కొట్టి చూసి "ఏం రాలేదు" అనుకుంటే సరిపోదు, స్పామ్ ఫోల్డర్ తెరిచి చూడాల్సిందే.

నాచారం భయం: దొంగ మెయిల్ ఇన్‌బాక్స్‌లోకి రావడం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న యూనిట్లకి కొటేషన్లు, పర్చేజ్ ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు అన్నీ మెయిల్‌లోనే నడుస్తాయి. మా బావ అక్కడ ఒక యూనిట్లో అకౌంట్స్ చూస్తాడు. లాటరీ మెయిల్స్, విదేశీ వారసత్వం మెయిల్స్ చూసి ఆయన నవ్వుకుంటాడు. ఆయన భయపడేది వేరే దానికి. రోజూ సరుకు పంపే సప్లయర్ పేరుతోనే ఒక మెయిల్ వస్తుంది: "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఈసారి పేమెంట్ కొత్త అకౌంట్‌కి వేయండి." అందులో లింక్ ఉండదు, వైరస్ ఉన్న అటాచ్‌మెంట్ ఉండదు. మామూలు నాలుగు లైన్లు, అంతే. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఇంగ్లిష్‌లో 'ఆర్', 'ఎన్' చిన్నక్షరాలు పక్కపక్కన పెడితే ఫోన్ స్క్రీన్ మీద 'ఎమ్' లాగే కనిపిస్తాయి. స్పామ్ లక్షణం ఒక్కటి కూడా లేని ఇలాంటి మెయిల్‌ని ఫిల్టర్ పట్టుకోవడం చాలా కష్టం.

ఇంటర్వ్యూ మెయిల్ స్పామ్‌లో పడితే ఉప్పల్‌లో ఒక ఉద్యోగం పోతుంది. దొంగ ఇన్‌వాయిస్ ఇన్‌బాక్స్‌లోకి వస్తే నాచారంలో ఒక నెల జీతాలు ఆగిపోతాయి. ఫిల్టర్‌ని గట్టిగా బిగిస్తే మొదటివాడికి నష్టం, వదులు చేస్తే రెండోవాడికి నష్టం. ఇద్దరికీ ఒకే ఫిల్టర్ ఎలా సరిపోతుంది?

మరి ఆ 99.9 శాతం సంగతి?

స్పామ్, ఫిషింగ్, మాల్వేర్ మెయిల్స్‌లో 99.9 శాతానికి పైగా ఆపేస్తున్నామని గూగుల్ చెప్తుంది. రోజుకు దాదాపు 1,500 కోట్ల అక్కర్లేని మెయిల్స్ ఆగుతున్నాయంటుంది. గొప్ప సంఖ్యే. అయితే ఇది ఆగిన చెడ్డ మెయిల్స్ లెక్క. పొరపాటున స్పామ్‌లో పడ్డ మంచి మెయిల్స్ ఎన్నో ఈ లెక్క చెప్పదు. ఫోన్ రివ్యూలో బెంచ్‌మార్క్ స్కోర్ ఒక్కటే చూసి కొనొద్దని మనమే చెప్తాం కదా, ఇది కూడా అలాంటిదే.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 2002 ఆగస్టులో పాల్ గ్రాహమ్ అనే ప్రోగ్రామర్ 'ఎ ప్లాన్ ఫర్ స్పామ్' అని ఒక వ్యాసం రాశాడు. పద్ధతి సులువే. మీ మంచి మెయిల్స్ ఒక కుప్ప, స్పామ్ ఇంకో కుప్ప. ఏ పదం ఏ కుప్పలో ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, కొత్తగా వచ్చిన మెయిల్ ఏ కుప్పకి దగ్గరగా ఉందో అంచనా వేయడం. దీన్నే బేజియన్ ఫిల్టర్ అంటారు. అందులో అతను రెండు మాటలు గట్టిగా చెప్పాడు. మంచి మెయిల్‌ని స్పామ్ అనుకోవడం, స్పామ్‌ని వదిలేయడం కంటే పెద్ద తప్పు అన్నాడు. అందుకే మంచి కుప్పలో పదాల లెక్కని రెట్టింపు చేశాడు. ఇక రెండోది, ఈ లెక్క ప్రతి మనిషికీ విడిగా ఉండాలన్నాడు. నాచారం అకౌంటెంట్‌కి 'ఇన్‌వాయిస్', 'పేమెంట్' రోజూ వచ్చే మాటలు. ఉద్యోగం వెతుక్కునేవాడికి అవే మాటలు వస్తే అనుమానించాలి.

ఈ సొంత లెక్క పద్ధతి థండర్‌బర్డ్‌లో ఇప్పటికీ ఉంది. కంప్యూటర్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, జంక్ సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తే, మీరు చూపించినదాన్ని బట్టి అది నేర్చుకుంటుంది. 'జె' కీ నొక్కితే జంక్, షిఫ్ట్ పట్టుకుని 'జె' నొక్కితే జంక్ కాదు. చాలామంది చెడ్డవి మాత్రమే చూపిస్తారు. మంచివి కూడా చూపించకపోతే దానికి తేడా ఎలా తెలుస్తుంది? అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల మెయిల్స్‌ని జంక్ అనొద్దని చెప్పే ఆప్షన్ కూడా అక్కడే ఉంటుంది. దాన్ని టిక్ చేసి పెట్టుకోండి.

మీరు ఏ వైపో తేల్చుకుని రూల్ రాయండి

మీది ఉప్పల్ భయమైతే, అప్లై చేసిన ప్రతి కంపెనీ డొమైన్‌కీ జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టి, 'ఎప్పుడూ స్పామ్‌కి పంపొద్దు' అనే ఆప్షన్ టిక్ చేయండి. ఫోన్ యాప్‌లో ఫిల్టర్ తయారుచేయడం కుదరదు, ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరవాలి. ఒక్కసారి పెడితే ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. జీమెయిల్ డొమైన్ మొత్తానికి మాత్రం ఈ రూల్ పెట్టకండి. పెడితే ప్రపంచంలో ప్రతి జీమెయిల్ దొంగకీ తలుపు తీసినట్టే. వారానికి రెండుసార్లు స్పామ్ ఫోల్డర్ చూడండి. మంచి మెయిల్ కనిపిస్తే ఇన్‌బాక్స్‌లోకి లాగి ఊరుకోకుండా 'స్పామ్ కాదు' అని నొక్కండి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. స్పామ్‌లో దొరికిన ప్రతి ఆఫర్ లెటరూ నిజం కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని డబ్బు అడిగితే దాన్ని అక్కడే వదిలేయండి.

మీది నాచారం భయమైతే తలకిందులుగా ఆలోచించండి. 'స్పామ్‌కి పంపొద్దు' రూల్ జోలికి పోవద్దు. బదులుగా, ఎప్పటినుంచో తెలిసిన సప్లయర్ల అసలు అడ్రస్‌లకి ఒక రంగు లేబుల్ పడేలా ఫిల్టర్ పెట్టండి. మా బావకి థండర్‌బర్డ్‌లో ఇదే పెట్టి ఇచ్చాను. తెలిసిన పేరుతో మెయిల్ వచ్చి రంగు పడలేదంటే అడ్రస్ తేడాగా ఉందన్నమాట. ఒక్క అక్షరం తేడాని కన్ను పట్టుకోలేకపోవచ్చు, ఫిల్టర్ పట్టుకుంటుంది. రంగు పడినా సరే, బ్యాంక్ అకౌంట్ మార్పు అని ఉంటే ఫోన్ చేయాలి. ఎందుకంటే సప్లయర్ మెయిల్‌నే ఎవరైనా హ్యాక్ చేసి ఉండొచ్చు. ఫోన్ కూడా మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కి కాదు, పాత బిల్లు మీద ఉన్న నంబర్‌కి. డబ్బు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

ఇద్దరికీ పనికొచ్చేది ఇంకొకటుంది. మ్యాచ్ టికెట్ బుకింగ్‌కి, మాల్‌లో లక్కీ డ్రాకి, రెజ్యూమె సైట్‌కి ఒకే మెయిల్ ఐడీ ఇచ్చేస్తుంటాం. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఆ తర్వాత మీకు నచ్చిన పదం పెట్టి ఇచ్చినా మెయిల్ మీకే వస్తుంది. ఉద్యోగాల సైట్లకి ఒక పదం, షాపింగ్‌కి ఒక పదం. ఏ పదానికి ఏ ఫోల్డరో ఫిల్టర్ పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. కొన్ని సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, వాటికి విడిగా రెండో అకౌంట్ ఉంచుకోవడం మేలు.

'రిపోర్ట్ స్పామ్' చెత్తబుట్ట కాదు

బోర్ కొట్టిన ప్రతి మెయిల్‌కీ 'రిపోర్ట్ స్పామ్' నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ నొక్కుడుకి విలువ ఉంది. జీమెయిల్‌కి రోజుకు 5,000 మెయిల్స్ పంపే సంస్థలు ఫిర్యాదుల శాతాన్ని 0.3 కంటే తక్కువ ఉంచుకోవాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ రూల్ పెట్టింది. అంటే వెయ్యికి మూడు దాటకూడదు. మీరే ఒకప్పుడు సబ్‌స్క్రైబ్ చేసిన న్యూస్‌లెటర్‌ని స్పామ్ అని కొడితే, అది కావాలనుకున్న ఇంకొకరికి కూడా రాకుండా పోవచ్చు. తెలిసిన సంస్థ అయితే జీమెయిల్ పైన చూపించే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కండి. అసలు ఎవరో తెలియనివాళ్లు పంపితే లోపలి లింకుల జోలికి పోకుండా రిపోర్ట్ చేయండి.

అదే రూల్స్‌లో చిన్న వ్యాపారులకి సంబంధించింది కూడా ఒకటుంది. సొంత డొమైన్ నుంచి జీమెయిల్‌కి పంపే ఎవరైనా సరే, ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పెట్టుకోవాలి. ఈ మెయిల్ నిజంగా మా దగ్గర నుంచే వచ్చిందని డొమైన్ చెప్పే సాక్ష్యం అది. నాచారం యూనిట్ పంపిన కొటేషన్ కస్టమర్ స్పామ్‌లో పడుతోందంటే ముందు చూడాల్సింది ఇదే. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లకో చిన్న వ్యాపారం ఉంటే ఒక గంట కూర్చుని ఇది సెట్ చేసి పెట్టండి. కొత్త ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ వేసి ఇవ్వడం కంటే ఎక్కువ ఉపయోగం.

చట్టం ఉంది కదా అంటారా? ఎస్ఎంఎస్‌లకి, కాల్స్‌కి ట్రాయ్ నిబంధనలున్నాయి, 1909 ఉంది. ఈమెయిల్ స్పామ్‌కి అమెరికాలో 2003 నుంచే విడిగా చట్టం ఉంది, మన దగ్గర అలాంటిది లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటోంది. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. మంచిదే. కానీ దొంగ ఇన్‌వాయిస్ పంపేవాడు మన సమ్మతి అడిగి పంపడు.

అందుకే నా సలహా ఒక్కటే. యాప్ మార్చకముందు, కొత్త ఏఐ మెయిల్ యాప్ ఏదైనా వచ్చిందా అని వెతకకముందు, ఒక ప్రశ్న వేసుకోండి: మంచి మెయిల్ పోతే నాకు ఎక్కువ నష్టమా, చెడ్డ మెయిల్ వస్తే ఎక్కువ నష్టమా? జవాబు దొరికితే ఏ ఫిల్టర్ పెట్టాలో దానంతట అదే తెలుస్తుంది. ఆ ప్రశ్న మీ బదులు ఏ కంపెనీ వేసుకోదు.