కాంక్రీటును పగులగొట్టుటా, కోయుటా?

ఉప్పల్ చౌరస్తా నుండి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడ వరకు గల ప్రాంతంలో నేడు రెండు ధ్వనులు వినిపిస్తున్నవి. ఒకటి కొత్త కట్టడాలకు కాంక్రీటు కలిపే యంత్రానిది. రెండవది పాత కాంక్రీటును పగులగొట్టే బ్రేకరుది. మొదటిదానిని గురించి మన పాఠ్యగ్రంథాలు, ప్రమాణపత్రాలు ఎంతో చెప్పినవి. రెండవదానిని గురించి చెప్పేవారు బహు తక్కువ. కట్టుటకు ఇంజనీరు కావలెనని అందరూ ఒప్పుకొందురు. కూల్చుటకు కూలి చాలునని అందరూ అనుకొందురు. ఈ రెండవ భావన సరియైనది కాదని మేము ఈ వ్యాసంలో మనవి చేయదలచినాము.

విషయం చిన్నదిగా కనిపించవచ్చును గాని కాలం దానిని పెద్దది చేస్తున్నది. దశాబ్దాల కిందట కట్టిన షెడ్లు కొన్ని గోదాములుగా, కొన్ని విందుశాలలుగా మారుచున్నవి. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం బాహ్య వలయ రహదారి లోపలి పారిశ్రామిక భూములను నివాస, వాణిజ్యాది అవసరాలకు మార్చుకొనుటకు ఒక విధానమును ప్రకటించినది. అందులో ఉప్పల్, నాచారం కూడా ఉన్నవి. ఆ విధానపు మంచిచెడ్డలు వేరొక చర్చ. అది ఎట్లు సాగినను, రాబోవు సంవత్సరాలలో ఇచ్చట కాంక్రీటును పోయుటతో సమానంగా తీయుట కూడా జరుగక తప్పదు. రామంతాపూర్, చిలకానగర్ సందులలోని ఇండ్ల సంగతి చెప్పనవసరం లేదు. వృద్ధులైన తల్లిదండ్రుల కోసం లిఫ్టు పెట్టించువారు, కింది గదిని దుకాణంగా మార్చి గోడకు షట్టరు దారి తీయించువారు ప్రతి వీధిలోను ఉన్నారు.

ఈ పనులలో పద్ధతిని ఎన్నుకొనుట సాధారణంగా ఎట్లు జరుగుచున్నది? మేస్త్రీకి పరిచయమున్నవాని వద్ద ఏ యంత్రమున్నదో అదే పద్ధతి. బ్రేకరు దినపు కూలి లెక్కన వచ్చును. వజ్రపు రంపం అడుగు లెక్కన, కోర్ కటింగు రంధ్రపు అంగుళాల లెక్కన వచ్చును. మూడు ధరలు మూడు కొలతలలో ఉండుటచేత గృహస్థు వాటిని పోల్చలేడు. దినపు కూలియే చవకగా కనిపించును. పగులగొట్టిన పిమ్మట అంచులను తిరిగి సరిచేయుటకు, పొరుగువాని గోడలోని నెరియలను పూడ్చుటకు అయిన ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

తీసివేయు భాగాన్ని బట్టి కాక, మిగిలిపోవు భాగాన్ని బట్టి పద్ధతిని ఎన్నుకొనవలెనని మా అభిప్రాయం. తీసివేసినది ఎట్లయినను చెత్తకుప్పలోకి పోవునదే. మిగిలినది మాత్రం ఇంకొక ముప్పది ఏండ్లు మన తలమీద నిలువవలసినది.

బ్రేకరు నిమిషానికి వేయికి పైగా దెబ్బలు కొట్టును. ఆ దెబ్బ పడినచోటనే ఆగిపోదు. పగిలిన అంచు వెనుక, కంటికి కనిపించని సన్నని నెరియలు మిగిలిన కాంక్రీటులోనికి పాకును. చువ్వకు, కాంక్రీటుకు మధ్యగల పట్టు సడలును. గోడకు గోడ ఆనించి కట్టిన మన ఇండ్లలో ఆ అదురు పొరుగింటి పలకలకు కూడా చేరును. వజ్రపు రంపం కొట్టదు, అరుగదీయును. అందుచేత అదురు దాదాపు ఉండదు; అంచు గీత గీసినట్లు తెగును. ఉర్దూలో రాతిపనివానిని సంగ్‌తరాష్ అందురు. సంగ్ అనగా రాయి. తరాష్ అనగా చెక్కుట, తొలచుట. మన ఊళ్ళలో బండలు తీసే వడ్డెరలు కూడా రాతిని గుడ్డిగా బాదరు. వరుసగా చిన్న రంధ్రాలు వేసి, వాటిలో ఇనుప మేకులు దిగగొట్టి, బండ ఏ గీతను పట్టి విడిపోవలెనో ముందే నిర్ణయింతురు. గ్రానైటు నేలపై బ్రతుకుచున్న మనకు ఈ వివేకం కొత్తది కాదు. కాంక్రీటు వచ్చిన తరువాత దానిని మరచితిమి, అంతే.

వజ్రం మాట వచ్చినది గనుక ఒక ముచ్చట. గోల్కొండ పేరుతో లోకమంతా ఎరిగిన వజ్రాలు కృష్ణాతీరపు కొల్లూరు వంటి గనులలో దొరికి రాజుల కిరీటాలకు పోయినవి. రంపపు అంచున నేడు ఉన్నవి గనిలో పుట్టినవి కావు. 1954లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో కృత్రిమ వజ్రం తయారైన పిదప, వజ్రం పనిముట్టుగా చవకబడినది. ఆ రవ్వలను లోహపు పొడిలో కలిపి బిళ్ళలుగా కాల్చి, ఉక్కు చక్రపు అంచున అతికింతురు. ఇందులో ఒక చిత్రమున్నది. కోయవలసిన రాయి ఎంత గట్టిదైతే, రవ్వలను పట్టియుంచే లోహం అంత మెత్తగా ఉండవలెను. అప్పుడే అరిగిన రవ్వ రాలిపోయి, వెనుకనున్న కొత్త రవ్వ బయటపడును. మన కంకర గ్రానైటు కంకర. మెత్తని రాతి కోసం చేసిన చవక బ్లేడును దానిపై పెట్టినచో రవ్వలు నున్నబడి, చక్రం తిరుగుచుండును గాని కోత దిగదు. "రంపం పనికిరాదు, బ్రేకరే మేలు" అనెడి తీర్పు తరచుగా ఇట్టి చోటనే పుట్టుచున్నది. దోషం పద్ధతిది కాదు, బ్లేడుది.

ఇక లిఫ్టు ఉదాహరణను లెక్కతో చూతము. ఒకటిన్నర మీటరు పొడవు, అంతే వెడల్పు గల ద్వారం. స్లాబు మందం పన్నెండున్నర సెంటీమీటర్లు, అనగా మనవారు చెప్పే ఐదంగుళాలు. ఘనపు మీటరుకు 2500 కిలోల చొప్పున తీసివేయవలసిన బరువు సుమారు 700 కిలోలు. దానిని ఒకే ముక్కగా కోయుట మూర్ఖత్వం. అర మీటరు చదరపు ముక్కలు తొమ్మిది చేసినచో ఒక్కొక్కటి 78 కిలోలు. గొలుసు కప్పీతో భద్రంగా దింపవచ్చును. ఇంతవరకు బాగున్నది. కాని చేతిరంపానికి ఉండు 350 మిల్లీమీటర్ల చక్రం గుండ్రనిది, ద్వారం మూలలు చతురస్రం. స్లాబు అడుగు వరకు మూల తెగవలెనన్నచో, పైభాగంలో కోత మూలను దాటి సుమారు ఆరున్నర అంగుళాలు అవతలకు పోవును. ఆ ఆరున్నర అంగుళాల కింద, మనం నిలుపుకొనదలచిన స్లాబు పైచువ్వలు ఉండవచ్చును. రంపం వాటిని అడుగక కోయును. ఇందుకు మందు తేలికైనదే: ముందుగా నాలుగు మూలలలో కోర్ యంత్రంతో గుండ్రని రంధ్రాలు వేసి, రంపపు కోతను ఆ రంధ్రాల వద్ద ఆపుట. గుండ్రని మూల వల్ల ఇంకొక మేలున్నది. పదునైన మూల నుండి బయలుదేరు నెరియ అచ్చట తగ్గును.

రంపం లేనిచోట చుట్టూ వరుసగా కోర్ రంధ్రాలే వేయువారున్నారు. నాలుగంగుళాల రంధ్రాలు ఒకదానినొకటి తాకునట్లు వేసినచో ఈ ద్వారానికి సుమారు అరువది కావలెను. పని నెమ్మది, అంచు రంపపు పండ్లవలె ఉండును. అయినను అదురు లేదు, సందులో పట్టని యంత్రాన్ని మోయు బాధ లేదు. పెద్ద గోడరంపానికి మూడు ఫేజుల విద్యుత్తు అవసరమగును. నాచారం షెడ్డులో అది సిద్ధంగా ఉండును, చిలకానగర్ ఇంటిలో ఉండదు. యంత్రం గొప్పతనం కంటే మీటరు పెట్టె ముందుగా చూడవలసినది.

నాచారంలో వేరొక సమస్య. పాత యంత్రాల కింద మీటరు, మీటరున్నర మందపు పునాది దిమ్మెలు ఉన్నవి. పక్క షెడ్డులో సున్నితమైన యంత్రాలు నడుచుచుండగా ఈ దిమ్మెను వారాల తరబడి బ్రేకరుతో బాదుట న్యాయం కాదు. చక్రపు రంపం అంత లోతు పోజాలదు. ఇచ్చట తీగరంపం తగినది. వజ్రపు పూసలు గుచ్చిన ఉక్కు తాడును రంధ్రాల గుండా దిమ్మె చుట్టూ చుట్టి, కప్పీలపై వేగంగా తిప్పినచో ఎంత మందమైనను తెగును. ధర ఎక్కువే. తాడు తెగినచో పూసలు తుపాకీ గుండ్లవలె ఎగురును గనుక దాని దారిలో ఎవ్వరూ నిలువరాదు, అడ్డుతెర కట్టకుండ పని మొదలుపెట్టరాదు.

మేము రంపానికి వకాల్తా పుచ్చుకొనలేదు. మిగులునది ఏమియు లేనపుడు, దాపున ఎవ్వరూ లేనపుడు, మొత్తం షెడ్డును నేలమట్టం చేయుటకు పెద్ద యంత్రపు దవడయే తగినది. 2023 జనవరి 19న కాలిపోయిన సికింద్రాబాదులోని దక్కన్ మాల్ వంటి కట్టడంలో, ఏ స్లాబు ఎప్పుడు కూలునో తెలియనిచోట, లోపలికి రంపం పట్టుకొని పొమ్మనుట మనిషిని చంపుటయే. అచ్చట దూరం నుండి యంత్రంతో కూల్చుటయే ధర్మం. మరియొక సందర్భం: చువ్వలు మిగలవలెను, కాంక్రీటు మాత్రం పోవలెను. స్తంభాన్ని ఇంకొక అంతస్తుకు పొడిగించునపుడు, 2018లో తలపెట్టి ఏండ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి వారధివలె నడుమ ఆగిన ఏ పనినైనను తిరిగి అందుకొనునపుడు, పాత పొరను వలిచి చువ్వను నిలుపుకొనవలసి రావచ్చును. రంపం చువ్వను కూడా కోయును గనుక అట్టిచోట అది శత్రువు. చిన్న ఉలియంత్రంతో ఓపికగా చెక్కుటయో, స్తోమత ఉన్నచో అధిక ఒత్తిడి నీటిధారతో తొలచుటయో చేయవలెను. నీటిధార కాంక్రీటును తొలచును, చువ్వను ముట్టదు.

ఏ పద్ధతికైనను ముందు లోపల ఏమున్నదో చూడవలెను. భూగర్భపు పొరలను పరిశీలించు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పల్ రోడ్డులోనే ఉన్నది. నేలలోనికి రాడారు తరంగాలను పంపి చూచు ఆ విద్యయే చిన్న పెట్టెలో ఇమిడి నేడు స్లాబులోని చువ్వలను, గొట్టాలను చూపుచున్నది. ముందుగా లాగి బిగించిన తీగలు గల స్లాబులు కొత్త కార్యాలయ భవనాలలో ఎక్కువైనవి. అందులో ఒక్క తీగ తెగినను ఆ వరుస మొత్తం బలం కోల్పోవచ్చును, తెగిన కొస ప్రాణాలకు ముప్పు తేవచ్చును.

ఇంతవరకు గోడల గురించి చెప్పితిమి. గోడకన్న ముందు తెగిపోవునది పనివాని ఊపిరి. కంకరలోను, ఇసుకలోను ఉన్న సిలికా, పొడిగా కోసినపుడు, బాదినపుడు కంటికి ఆనని ధూళిగా మారి ఊపిరితిత్తుల అడుగుకు చేరును. దానివల్ల వచ్చు సిలికోసిస్‌ను నయం చేయు మందు లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దానిని ప్రకటిత వ్యాధుల జాబితాలో చేర్చినది. 1997లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఆ ధూళిని క్యాన్సరు కారకాలలో మొదటి తరగతిలో చేర్చినది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు ఆ ధూళిని ఆపదు. కోతకు నీరు పోసినచో చాలవరకు ధూళి పుట్టుకయే ఆగును. మన వీధులలో చేతిరంపాన్ని పొడిగా నడుపుట రివాజైనది. నీటి గొట్టం తగిలించుకొను ఏర్పాటు అనేక యంత్రాలకు ఉండియు, బురద అవుతుందని గృహస్థే వద్దనుచున్నాడు. గచ్చు శుభ్రంగా ఉండుటకు పరాయి ఊరి నుండి వచ్చిన పిల్లవాని ఊపిరితిత్తులను మురికి చేయుట ఏ లెక్క?

బురద సంగతి నిజమే. అది సిమెంటు క్షారం గల బురద. మోరీలో వదలినచో గట్టిపడి దారి మూయును, వాననీటితో నల్లచెరువు వైపు పోవును. ఇసుక బస్తాలతో గట్టు కట్టి, డబ్బాలో పట్టి, ఆరిన పిదప శిథిలాలతో పాటు పంపవలెను. శిథిలాలకు 2016లోనే వేరుగా నియమావళి వచ్చినది. నాగోలు దాపున ఫతుల్లాగూడలో వాటిని కంకరగా, ఇసుకగా మార్చు కర్మాగారం ఉన్నది. ఖాళీ స్థలం కనిపించినచోట రాత్రిపూట దింపిపోవుటకు ఇక సాకు లేదు.

గుత్తేదారుతో ఒప్పందం వ్రాసుకొనునపుడు నేడు "స్లాబు పగులగొట్టుట, ఒక మొత్తం" అని ఒక్క పంక్తి వ్రాయుచున్నారు. అందులో ఈ ప్రశ్నలకు జవాబులుండవలెను. చువ్వలు ఉంచవలెనా, తీయవలెనా? కోతకు ముందు కింద జాకీలు ఎచ్చట నిలుపుదురు, ఎన్ని దినాల తరువాత తీయుదురు? ద్వారం చుట్టూ కొత్త దూలం కోతకు ముందా, తరువాతా? మూలలకు కోర్ రంధ్రాలున్నవా? నీరు ఎవరు తెచ్చెదరు, బురద ఎవరు మోసెదరు? పొరుగింటి గోడలను పనికి ముందు ఫోటో తీసి ఉభయులు సంతకం చేసిరా? ధరలు అడుగునపుడు ముగ్గురినీ ఒకే ద్వారానికి, అంచులు సరిచేసి శిథిలాలు ఎత్తివేయు వరకు కలిపి ఒకే మొత్తంగా చెప్పమనవలెను. అప్పుడు బ్రేకరు దినపు కూలి, రంపపు అడుగు ధర పక్కపక్కన నిలిచి, గృహస్థు మొదటిసారిగా వాటిని పోల్చగలుగును.