పేరు రాస్తే ధర పడిపోయే పుస్తకాలు

1938లో పది సెంట్లకు అమ్మిన ఒక కామిక్ పుస్తకం 2024 ఏప్రిల్‌లో అమెరికాలో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సూపర్‌మాన్ మొదటిసారి కనిపించిన 'యాక్షన్ కామిక్స్' తొలి సంచిక అది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా "ఆ రోజుల బొమ్మలే వేరు" అని కరిగిపోయేవాళ్ళు మన మధ్యా చాలామంది ఉన్నారు. బొమ్మలు నాకూ ఇష్టమే. చవక కాగితం మీద చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ రంగుల్ని గంటలు గంటలు చూడగలను. నా పేచీ బొమ్మలతో కాదు. ఆ మురిపెం దేనికి వెల కడుతోంది, దేన్ని చెత్తలో వేస్తోంది అన్నదానితో.

ఈ వెల కట్టే పద్ధతి చూడండి. 2000లో సి.జి.సి. అనే సంస్థ అక్కడ మొదలైంది. పాత కామిక్‌కి పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తుంది. ఇక దాన్ని చదవడం కుదరదు. తెరిస్తే ఆ మార్కులు చెల్లవు. మడత పడితే మార్కు తగ్గుతుంది. అట్ట మీద ఎవరో పిల్ల సిరాతో తన పేరు రాసుకుంటే తగ్గుతుంది. లోపల ఒక ముక్క కత్తిరించి ఉంటే అది 'అసంపూర్ణం'. ఒక్కమాటలో, చదివిన గుర్తులన్నీ దెబ్బలే.

ఆ కత్తెర ఎవరిది? మగపిల్లలూ కూపన్లు కత్తిరించారు, నిజమే. కానీ కత్తిరించుకోమనే అచ్చేసిన పేజీలు ఆడపిల్లల కామిక్స్‌లో ఉండేవి. 1945లో బిల్ వాగన్ మొదలుపెట్టిన 'కేటీ కీన్'కి పాఠకులు, ఎక్కువగా ఆడపిల్లలు, గౌన్ల డిజైన్లు గీసి పంపేవారు. కేటీ ఆ గౌన్లు వేసుకునేది, పంపినవాళ్ళ పేరు పక్కన పడేది. కాగితపు బొమ్మని కత్తిరించి ఆ గౌన్లు తొడిగి ఆడుకునేవారు. పుస్తకం అందుకే పుట్టింది. అచ్చు చెప్పినట్టే ఆడుకున్న పిల్ల ప్రతికి ఇవాళ విలువ లేదు, ముట్టుకోకుండా వదిలేసిన ప్రతికి ఉంది! జాకీ ఓర్మ్స్ సంగతీ అంతే. ఆమె తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళా కార్టూనిస్టు. 1937లో 'పిట్స్‌బర్గ్ కొరియర్' పత్రికలో టార్చీ బ్రౌన్‌ని సృష్టించింది. 1950ల్లో అదే టార్చీకి రంగుల్లో కాగితపు బొమ్మలూ దుస్తులూ గీసింది. నల్లపిల్లలు తమలాంటి బొమ్మని కత్తిరించుకుని ఆడుకోవాలని గీసిన పేజీలవి. ఏ మార్కుల పట్టికలో పెడతారు వాటిని?

మరి ధర పెంచేదేమిటి? 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకాన్ని సేకర్తలు ప్రమాణంగా చూస్తారు. అందులో కొన్ని సంచికల పక్కన ఒక గుర్తు ఉంటుంది. అట్ట మీద తాళ్ళతో కట్టేసిన బొమ్మ ఉంది అని. కట్టేసి ఉన్నది చాలావరకు ఆడమనిషే. చాలీచాలని బట్టల్లో గీసిన స్త్రీలకి 'గుడ్ గర్ల్ ఆర్ట్' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. అట్ట మీద బందీ అయిన ఆడది ఆకర్షణ, అదే అట్ట మీద ఆడపిల్ల చేవ్రాలు లోపం. మగచూపు గురించి మనం ఇన్నేళ్ళుగా రాస్తున్నదాన్ని ఇంత సూటిగా ధరల్లో రాసిపెట్టిన పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

అలాంటి బొమ్మలకి పేరుపడ్డ ఫిక్షన్ హౌస్‌లో ఆడవాళ్ళూ గీశారు కదా అంటారు. గీశారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మగవాళ్ళు సైన్యంలోకి పోతే ఆ కుర్చీల్లో కూర్చున్నారు. నాజీల నుంచి తప్పించుకుని వియన్నా నుంచి వచ్చిన యూదు అమ్మాయి లిలీ రెనే వాళ్ళలో ఒకరు. 'ఎల్. రెనే' అని సంతకం చేస్తే గీసింది మగవాడనుకున్నారు పాఠకులు. ఆమెనీ, ఆమెలాంటివాళ్ళనీ మళ్ళీ వెలుగులోకి తెచ్చింది ట్రినా రాబిన్స్, తనూ కామిక్స్ గీసిన స్త్రీవాది. 2024లో చనిపోయింది. పాత కాగితాలు ఎవరో దాచబట్టే ఆమె ఆ చరిత్ర రాయగలిగింది, ఒప్పుకుంటాను. అయితే ఆవిడ వాటిని తెరిచి చదివింది. ప్లాస్టిక్ డబ్బాలోంచి చరిత్ర రాయలేరు.

ఇదంతా అమెరికా గోల అని పక్కన పెట్టడానికి లేదు. పాత 'చందమామ' తలచుకుని వడ్డాది పాపయ్య అట్టల్ని, చిత్ర, శంకర్‌ల బొమ్మల్ని పొగిడే వ్యాసాలు మనకెన్నో. మంచిదే. కానీ మన ఇళ్ళలో ఆడవాళ్ళు వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకున్నారే, ఆ సేకరణ మాటేమిటి? మా పిన్ని దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి. రంగనాయకమ్మ, యద్దనపూడి, ఇంకా ఎవరెవరో. పాత పుస్తకాల వ్యాపారి ఒకాయన తిరగేసి, అట్టల్లేవు, సంచిక తేదీల్లేవు, తూకానికైతే తీసుకుంటానన్నాడు. పూర్తి సంచిక ఉంటే బొమ్మల కోసం మంచి రేటు ఇచ్చేవాణ్ణని కూడా అన్నాడు.

మనలో విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవాళ్ళు ఉన్నారు, లైబ్రరీ కమిటీల్లో ఉన్నారు. ఇలాంటి బైండు వచ్చినప్పుడు 'చినిగిన ప్రతి' అని తిప్పి పంపకండి. ఎవరు చింపారు, ఏం ఉంచుకున్నారు, ఏం వదిలేశారు, మార్జిన్లో ఏం రాశారు, అవన్నీ కేటలాగులో నమోదు చేయించండి. మా పిన్ని బైండుల్లో మొదటి పేజీ మీద తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి, ఇచ్చిన తేదీతో సహా. ఒకదానికి వెనకవైపు ఆ నెల పాల లెక్క ఉంది.