ఇంజిన్ వెడల్పే బలమా?

భిలాయ్ ఉక్కు పట్టణంలోని సుపేలా నుంచి హైదరాబాద్‌కు విమానంలో రావాలంటే తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్‌లో ఎక్కాలి. శంషాబాద్‌లో దిగుతూ కిటికీలోంచి చూస్తే ఎయిర్‌బస్ ఏ320 నియో, బోయింగ్ 737 మ్యాక్స్ రెండూ కనిపించవచ్చు. రెండింటికీ మధ్యలో ఒకటే నడవ, సీట్లూ ఇంచుమించు అన్నే. ఇంజిన్లు చూస్తే మాత్రం ఎయిర్‌బస్‌వి పెద్దవి. ‘అయితే బలం దానికే ఎక్కువ’ అనిపించడం సహజం. అది పొరపాటు.

ఈ రెండు విమానాల్లోనూ సీఎఫ్ఎం సంస్థ లీప్ ఇంజిన్లు వాడుతున్నారు. ఎయిర్‌బస్‌కు అమర్చే లీప్-1ఏ ఫ్యాన్ వ్యాసం 198 సెంటీమీటర్లు, బోయింగ్‌కు అమర్చే లీప్-1బీది 176. థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు తోసే బలం, టేకాఫ్‌లో 1ఏ26 రకానికి సుమారు 120 కిలోన్యూటన్లు, 1బీ28 రకానికి 130. చిన్నదే ఎక్కువ తోస్తోంది! ఇక అదే 198 సెంటీమీటర్ల ఫ్యాన్ బరువైన ఏ321 నియో మీద 143 దాకా ఇస్తుంది.

మరి వెడల్పు దేనికి? ఎండాకాలంలో సుపేలా ఇళ్ల కూలర్లను తలచుకుంటే చాలు. పెద్ద రెక్కల ఫ్యాన్ నింపాదిగా తిరిగినా గది నిండా గాలి వస్తుంది, చిన్నది రొద పెడుతూ గిరగిరా తిరగాలి. సెకనుకు ఎంత గాలిని, ఎంత వేగంతో వెనక్కి నెడుతున్నారన్నదాన్ని బట్టి థ్రస్ట్ ఉంటుంది. కానీ ఆ గాలికి ఇవ్వాల్సిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రన్‌వే మీద ఆగి ఉన్న విమానంలో రెండింతల గాలిని సగం వేగంతో నెడితే థ్రస్ట్ అంతే ఉంటుంది, శక్తి సగం చాలు. వెడల్పు చెప్పేది పొదుపు సంగతి. జెట్ ఇంజిన్ పాఠాన్ని న్యూటన్ మూడో నియమం, గాలి బుడగ దగ్గరే ఆపేస్తే పిల్లలకు ఇది ఎప్పటికీ తెలియదు.

బోయింగ్ ఇంకా పెద్దది పెట్టుకోలేకపోవడానికి కారణం చక్రాల కాళ్లు. 1967లో తొలిసారి ఎగిరిన 737ను సామాను ఎక్కించడానికి వీలుగా నేలకు దగ్గరగా కట్టారు. అప్పటి ఇంజిన్లు సన్నవి. మ్యాక్స్‌కు వచ్చేసరికి ముందుకాలును 20 సెంటీమీటర్లు పొడిగించి, ఇంజిన్లను ముందుకూ పైకీ జరపాల్సి వచ్చింది. దాంతో ముక్కు బాగా పైకెత్తినప్పుడు విమానం ఇంకా పైకి లేవబోతుంది. దాన్ని కిందికి దించడానికి ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు.

2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో మొత్తం 346 మంది చనిపోయారు. ఇంజిన్ పెద్దదవడమే కారణమన్న మాట సగమే నిజం. ఎంక్యాస్ ఒక్క సెన్సర్‌ను నమ్ముకుంది, మొదటి ప్రమాదం దాకా పైలట్ల మాన్యువల్‌లో దాని వివరణే లేదు. 2021 ఆగస్టులో భారత్ మళ్లీ అనుమతించిన మ్యాక్స్‌లో ఆ 176 సెంటీమీటర్ల ఫ్యాన్లు ఉన్నచోటే ఉన్నాయి. మారింది సాఫ్ట్‌వేరూ, పైలట్ల శిక్షణా.