బంతి మనది, పెత్తనం ఎవరిది?

క్రికెట్టు గురించి ఈ పేజీల్లో రాయడమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. కూలి రేట్లున్నాయి, బంజర్లున్నాయి, హాస్టళ్ళలో ఉడికీ ఉడకని అన్నముంది, ఇవన్నీ వొదిలి ఆటల గోలేందయ్యా అని. మేం తిరిగి ఒకటడుగుతాం. పొద్దువాలితే మన పేటల కుర్రాళ్ళు ఎక్కడుంటున్నారు? మీటింగుకి రమ్మంటే ఐదుగురొస్తారు. కోతలయిన మడిలో చూడండి, యాభైమంది ఉంటారు. కుర్రాళ్ళెక్కడుంటే మాటా అక్కడికే వెళ్ళాలి గదా. పైగా ఆ మడిలోకి కులం మనకంటే ముందే వెళ్ళి కూర్చుంది.

మా సంగతే చెప్తాం. సంక్రాంతికి మండలంలో టోర్నమెంటు పెడతారు. ఊరూ పేటా కలిసి ఒకటే జట్టు. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది. ఎంట్రీ ఫీజు ఊళ్ళోవాళ్ళు కడతారు, బ్యాట్లు వాళ్ళవి, ప్యాడ్లు వాళ్ళవి. పరుగెత్తి పరుగెత్తి బౌలింగు వేసేది పేట కుర్రాళ్ళు. మరి కెప్టెన్ ఎవడు? బ్యాటు ఎవడిదైతే వాడే. పోయిన పండక్కి మావాడొకడు రెండు ఓవర్లేసి మూడు వికెట్లు తీశాడు. అవతలి జట్టు వొణికిపోతోంది. మూడో ఓవర్ వాడికివ్వాలని గట్టు మీద కూచున్న పసిపిల్లల్నడిగినా చెప్తారు. కెప్టెన్ బంతి తీసుకెళ్ళి తన బావమరిది చేతిలో పెట్టాడు. ఆ ఓవర్లో 22 పరుగులు పోయాయి. మ్యాచ్ పోయింది. పోయాక తిట్లెవరికి? బౌండరీ దగ్గర క్యాచ్ జారవిడిచిన పేట పిల్లాడికి. బావమరిదిని పల్లెత్తు మాటన్నవాడు లేడు.

ఆ రాత్రి మావాళ్ళు ఇక ఆడం అని భీష్మించుకు కూచున్నారు. అప్పుడు మేం వాళ్ళకి బాలూ కథ చెప్పాం. మీకూ చెప్తాం.

పల్వంకర్ బాలూ చమార్ కులస్తుడు. మన లెక్కలో చెప్పాలంటే మాదిగ. తోలు పని చేసే కులం. క్రికెట్ బంతి పైన ఉండేది తోలే గదా! ఆ తోలు ఊనిన చేతుల్ని అంటుకోకూడదు, తోలుబంతిని మాత్రం ముద్దుగా ప్యాంటుకేసి రుద్దుకోవచ్చు. 1870ల్లో పుట్టిన బాలూ పూనాలో పెరిగాడు. కుర్రతనంలో పార్సీల క్లబ్బులో నెలకి 3 రూపాయలకి పిచ్ ఊడ్చే పనికి కుదిరాడు. తర్వాత తెల్లదొరల పూనా క్లబ్బులో 4 రూపాయలకి చేరాడు. రోలర్ లాగడం, వలలు కట్టడం, దొరలు ప్రాక్టీసు చేసుకుంటుంటే బంతులు వెయ్యడం ఆయన పని. గ్రెగ్ అనే దొర అందరికంటే గంట ముందొచ్చి బాలూ చేత బౌలింగు వేయించుకునేవాడట. తనను అవుట్ చేసినప్పుడల్లా ఎనిమిదణాలిచ్చేవాడని చెప్తారు. ఎడంచేత్తో బంతిని అటూ ఇటూ తిప్పే ఆ విద్యను బాలూకి ఎవరూ నేర్పలేదు. వేలసార్లు వేసి వేసి ఆయనే పట్టాడు.

ఇక్కడొక్క మాట గమనించండి. అన్ని గంటలు బౌలింగు వేయించుకున్నారు గానీ బాలూ చేతికి బ్యాటు మాత్రం ఇవ్వలేదు. బ్యాటింగు దొరబిడ్డల సొత్తు, బౌలింగు కూలిపని. పొలంలో నాగలి మనం పడితే, గట్టు మీద గొడుగు వాళ్ళు పట్టినట్టు. ఆయన నిజంగా బ్యాటు పట్టి ఉంటే ఏమయ్యేదో మనకి తెలీదు. తమ్ముడు విఠల్ బ్యాటు పట్టాడు. ఏమయ్యాడో ముందుకెళ్తే తెలుస్తుంది.

దొరల్ని ఓడించాలంటే పూనా హిందువులకి బాలూ కావాలి. తీసుకున్నారు. మైదానంలో ఆయన ముట్టిన బంతే బ్రాహ్మడూ ముట్టాడు. టీ వేళ కాగానే బాలూ పెవిలియన్ బయట, మట్టి ముంతలో టీ. లోపల వాళ్ళకి పింగాణీ కప్పులు. అన్నం వేరే పళ్ళెంలో, వేరే చోట. మన హోటళ్ళలో రెండు గ్లాసుల సంగతి చూసినవాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు. గ్లాసుకి అంటు, వికెట్టుకి లేదు!

తర్వాత బొంబాయి వెళ్ళాడు. 1906లో, మళ్ళీ 1907లో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టుని ఓడించింది. రెండుసార్లూ బంతి బాలూదే. 1911లో భారత జట్టు ఇంగ్లండు వెళ్ళింది. మొత్తం టూరులో బాలూ 114 వికెట్లు తీశాడు. మరి కెప్టెన్ ఎవరు? పటియాలా మహారాజు. వయసు 20 ఏళ్ళు కూడా నిండలేదు. అది జార్జి చక్రవర్తి పట్టాభిషేకం జరిగిన ఏడాది. మహారాజుకి విందులెక్కువ, మ్యాచ్‌లు తక్కువ. జట్టులో మంచి బ్యాట్స్‌మన్ మిస్త్రీని కూడా తన వెంట తిప్పుకున్నాడు. భుజం నొప్పితో బాలూ ఓవర్ల మీద ఓవర్లు వేశాడు, జట్టు 23 మ్యాచ్‌ల్లో 15 ఓడింది. దీన్ని టీమ్ మేనేజ్‌మెంట్ అంటారా, వెట్టిచాకిరీ అంటారా? బాలూ తిరిగొచ్చాక బొంబాయిలో దళితులు సన్మానం చేశారు. ఆ సన్మానపత్రం రాసినవాడు అప్పటికింకా కాలేజీ కుర్రాడైన అంబేద్కర్ అని చరిత్రకారుడు రామచంద్ర గుహ రాశాడు.

ఇంత చేసినవాడికి హిందువుల జట్టు కెప్టెన్సీ ఇవ్వాలి గదా. ఇవ్వలేదు. 1913లో కెప్టెనయిన ఎం.డి. పాయ్ స్వయంగా చెప్పాడు, ఈ గౌరవం బాలూకి దక్కాల్సిందని. పాయ్ బ్రాహ్మడు. మంచి మాటన్నవాడి పేరు దాచడం మాకిష్టం లేదు. 1920లో పాయ్‌కి జబ్బుచేసింది. కమిటీవాళ్ళు బాలూని జట్టులోంచే తీసేశారు. తమ్ముడు విఠల్ అనుభవమున్నవాడు, వాణ్ణీ దాటేసి పూనా బ్రాహ్మడు దేవధర్‌కి కెప్టెన్సీ కట్టబెట్టారు. అప్పుడు విఠల్, శివరాం అన్నదమ్ములిద్దరూ మేం ఆడం పొమ్మన్నారు. ఊరికే అలిగి ఇంట్లో కూచోలేదు. ఇది కులం వల్ల జరిగిన అన్యాయం అని బహిరంగంగా ప్రకటించి తప్పుకున్నారు. జనంలో గోలయింది. చివరి మ్యాచ్‌కి కమిటీ దిగొచ్చింది. పాయ్ కోలుకుని కెప్టెన్‌గా వచ్చాడు, బాలూని వైస్‌కెప్టెన్ చేశారు. ఆట మధ్యలో పాయ్ కావాలనే మైదానం దిగి వెళ్ళిపోయాడు. ఆ కాసేపు ఫీల్డు సర్దింది, బౌలర్లని మార్చింది బాలూ. 33 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 179 వికెట్లు తీసినవాడికి దక్కిన అధికారం ఆ కాసేపే.

1923లో విఠల్ కెప్టెనయ్యాడు. ఆ ఏడు యూరోపియన్లని ఓడించారు. అంటరానివాణ్ణి భుజాల మీదెక్కించుకుని ఊరేగించారు. సత్తా లేదన్న చోట సత్తా ఎక్కడ్నుంచి ఊడిపడింది? ముందునుంచీ ఉంది. తెరవాల్సిన తలుపు తెరిచారు, అంతే. బాలూ తర్వాత రోజుల్లో కాంగ్రెసు తరపున 1937లో అంబేద్కర్ మీద పోటీచేసి ఓడిపోయాడు. ఆ రాజకీయం మనకి నచ్చదు. అయినా ఆయన బౌలింగు మనదే, ఆయన మింగిన అవమానమూ మనదే.

ఇక రెండో కథ మన ఆంధ్ర పేరు మోసినాయనది. విజయనగరం మహారాజకుమార్, అందరూ విజ్జీ అంటారు. ఆయన పేరు మీద ట్రోఫీ ఉంది. 1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకి ఈయన కెప్టెన్. బౌలింగు రాదు. బ్యాటింగు అంటే, 3 టెస్టుల్లో కలిపి 33 పరుగులు. మరి అంత పెద్ద పదవికి అర్హతేంటి? సొంత డబ్బు, సొంత మైదానం, దొరలతో స్నేహం. 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లతో బయల్దేరాడంటారు. మా ఊరి బ్యాటు యజమాని గుర్తుకొచ్చాడా?

ఆ జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు. 1932లో మన మొదటి టెస్టుకి కెప్టెన్. ఆ ఏడు పోర్‌బందర్ మహారాజు తనకి ఆట రాదని తెలిసి పక్కకి తప్పుకుని నాయుడుకిచ్చాడు. రాజుల్లో కూడా బుద్ధిమంతులుంటారు. విజ్జీ ఆ కోవ కాదు. జట్టుని రెండు ముక్కలు చేశాడు. నాయుణ్ణి అందరిముందూ తిట్టినవాడికి టెస్టులో చోటిచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమర్‌నాథ్ 600 పైగా పరుగులు, 32 వికెట్లతో జోరుమీదున్నాడు. ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టించి కూచోబెట్టి, వాళ్ళనీ వీళ్ళనీ ముందు పంపితే ఆయనకి ఒళ్ళుమండి నోరుజారాడు. మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. జట్టులో బెస్ట్ ఆటగాణ్ణి! తర్వాత వేసిన బ్యూమాంట్ కమిటీ విజ్జీ కెప్టెన్సీని తప్పుపట్టి, అమర్‌నాథ్ మీద మచ్చ తుడిచింది. మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనింగుకి దిగేముందు, మర్చంట్‌ని రనౌట్ చెయ్యమని విజ్జీ ముస్తాక్ చెవిలో ఊదాడట. ముస్తాక్ వెళ్ళి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకుని 203 పరుగులు కొట్టారు. మా కుర్రాళ్ళు ఈ ముక్క మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. మొత్తానికి మూడు టెస్టుల్లో రెండు ఓడి, ఒకటి డ్రా. ఆ టూరు మధ్యలోనే విజ్జీకి సర్ బిరుదొచ్చింది. తర్వాత క్రికెట్ బోర్డుకి అధ్యక్షుడు కూడా అయ్యాడు.

ఇప్పుడు మెరిట్ గురించి మాట్లాడుకుందాం. మనకి రిజర్వేషన్ అనగానే మెరిట్ చచ్చిపోతోందని గుండెలు బాదుకునేవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. విజ్జీకి ఇచ్చింది ఏ కోటా? పటియాలా రాజుది ఏ కోటా? బావమరిదికి మూడో ఓవర్ ఇచ్చింది ఏ కోటా? వందేళ్ళ నుంచీ పుట్టుక కోటా నడుస్తుంటే ఎవరి కంట్లోనూ నలుసు పడలేదు.

దక్షిణాఫ్రికాలో చూడండి. నల్లవాళ్ళని దశాబ్దాలపాటు జాతీయ జట్టు గడప తొక్కనివ్వలేదు. 2016లో వాళ్ళ బోర్డు జట్టులో నల్లజాతివాళ్ళు, ఇతర రంగు జాతులవాళ్ళు ఏడాది సగటున ఇందరుండాలని లెక్కపెట్టింది. కేప్‌టౌన్ పక్కన లాంగా అనే పేటలో పుట్టిన టెంబా బవుమా ఎప్పుడు తక్కువ పరుగులు చేసినా కోటాగాడు అన్నారు. పొట్టివాడని వెక్కిరించారు. 2023లో కొత్త కోచ్ శుక్రి కాన్రాడ్ వచ్చి బవుమాని టెస్టు కెప్టెన్ చేశాడు. ఆ దేశానికి మొదటి నల్ల ఆఫ్రికన్ టెస్టు కెప్టెన్. 2025 జూన్‌లో లార్డ్స్‌లో ప్రపంచ టెస్టు ఫైనల్. ఆస్ట్రేలియా మీద గెలవాలంటే 282 పరుగులు కావాలి. బవుమాకి తొడ కండరం పట్టేసింది. కుంటుకుంటూనే ఆడతానన్నాడు, కోచ్ ఆడనిచ్చాడు. మార్‌క్రమ్‌తో కలిసి 147 పరుగులు జోడించి, తను 66 చేశాడు. 1998 తర్వాత ఆ దేశానికి దక్కిన మొదటి ఐసీసీ కప్పు అది. అదే ఏడు నవంబర్లో మన దేశమొచ్చి రెండు టెస్టులూ గెలుచుకుపోయాడు. టీవీ ముందు మన కుర్రాళ్ళు ఇండియా ఓడినందుకు ఏడవాలో, బవుమా గెలిచినందుకు చప్పట్లు కొట్టాలో తెలీక కొట్టుకున్నారు. రెండూ చెయ్యొచ్చు, తప్పులేదు.

ఇంతా చెప్పి మన గడప లోపలి సంగతి చెప్పకపోతే అది దొంగతనం. ఈ ఏడు మా కుర్రాళ్ళు ఊరితో కలవలేదు. కూలి డబ్బుల్లోంచి తలా ఇంత వేసుకుని ఎంట్రీ ఫీజు కట్టారు, రెండు బ్యాట్లు కొన్నారు. అంబేద్కర్ బొమ్మ వేసిన బనీన్లు కుట్టించారు. బావుంది. మొదటి మ్యాచ్ చూడ్డానికి మేమంతా వెళ్ళాం. మాలపల్లె నుంచి ఏడుగురు, మాదిగపల్లె నుంచి నలుగురు. బ్యాటింగు వరస చూస్తే మాదిగపల్లె నలుగురూ ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు! వాళ్ళు బంతి వెయ్యాలి, బౌండరీ దగ్గర ఎండలో నిలబడాలి. బ్యాటు మాత్రం చివర్న, అదీ వొస్తే.

మేం కెప్టెన్‌ని పక్కకి పిలిచి అడిగాం. ‘వాళ్ళకి బ్యాటింగు రాదు మావయ్యా, బౌలింగు బాగా వేస్తారు’ అన్నాడు. అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే అట్టా అనుకుంటున్నాడు. పూనా క్లబ్బు దొర కూడా నిజంగానే అనుకుని ఉంటాడు. నెట్స్‌లో వాళ్ళ చేతికి బ్యాటు ఎన్నిసార్లిచ్చావురా అనడిగితే తల గోక్కున్నాడు. బాలూ కథ విన్నవాడే, విజ్జీ కథకి పడీపడీ నవ్వినవాడే.

రెండో మ్యాచ్‌కి మాదిగపల్లె కుర్రాణ్ణొకణ్ణి మూడో నంబరులో పంపారు. మొదటి బంతికే అవుటయ్యాడు. గట్టు మీద మనోళ్ళే కొందరు ‘చూశారా’ అన్నారు. మేం కెప్టెన్‌కి చెప్పాం, వచ్చే మ్యాచ్‌లోనూ వాణ్ణే మూడో నంబరులో పంపు, నీ తమ్ముడు మూడుసార్లు సున్నాకి అవుటైనా తియ్యలేదు గదా అని. పంపాడు. 31 కొట్టాడు. అయినా ఆ మ్యాచ్ ఓడిపోయాం. ఆఖరి ఓవర్లో 9 పరుగులు కాపాడుకోవాల్సి ఉంటే బంతి స్పిన్నర్‌కిచ్చారు. మంచు కురుస్తోంది, తడిబంతి చేతిలో నిలవదు, వేగంగా వేసేవాడికివ్వాల్సింది అని మేమంటాం. వాడికప్పటికే భుజం పట్టేసింది మావయ్యా అని కెప్టెనంటాడు. పండగెళ్ళి నెల దాటింది, రచ్చబండ దగ్గర ఈ తగువు ఇంకా తెగలేదు.