మన పేరిట దొంగతనం, మన మీదే విచారణ

దొంగ ఇంట్లో పడి బీరువా పగలగొట్టి నగలు పట్టుకుపోతే, ఫిర్యాదు చేయడానికి వెళ్ళిన ఇంటి యజమానిని "ఆ నగలు నువ్వే దొంగకు ఇచ్చి ఉంటావు గదా" అని ఎవరూ అడగరు. కానీ దొంగ ఎత్తుకుపోయినది పేరు అయినప్పుడు వ్యవహారం తలకిందులవుతుంది. మన ఆధార్ నకలుతో, డ్రైవింగ్ లైసెన్సు నకలుతో ఎవడో సిమ్ము తీసుకుంటాడు, అప్పు తీసుకుంటాడు, బ్యాంకు ఖాతా తెరుస్తాడు, దాని మీద నేరం చేస్తాడు. మొదటి ప్రశ్న మాత్రం పేరు పోగొట్టుకున్నవాడికే ఎదురవుతుంది. ఆ పేరు షేక్ అనో మహమ్మద్ అనో మొదలయ్యేదైతే, ప్రశ్న అడిగే గొంతు కూడా మారిపోతుంది. ఈ మాట కటువుగా ఉన్నదని కొందరు మిత్రులు అనవచ్చు. ప్రభుత్వ కార్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా బల్లకు అవతలి వైపు కూర్చుని, ఇప్పుడు పదవీ విరమణ తరువాత బస్తీ జనం వెంట ఇవతలి వైపు నిలబడుతున్న మాకు ఇంతకన్న మెత్తని మాట దొరకలేదు.

మా బస్తీలో ఒక ఆటో డ్రైవరు సోదరుడున్నాడు. పాత ఆటో కొనుక్కోవడానికి అప్పు దొరుకుతుందేమోనని ఒక ఏజెంటుకు లైసెన్సు నకలు, ఆధార్ నకలు, రెండు ఫొటోలు ఇచ్చాడు. అప్పు రాలేదు, కాగితాలూ తిరిగి రాలేదు. కొన్ని నెలలకు వసూలు మనుషులు ఇంటి ముందు వాలారు. తానెన్నడూ చూడని ఊరిలో, తానెన్నడూ ఎక్కని మోటారు సైకిలు ఆయన పేరిట వాయిదాల మీద కొనబడి ఉన్నది. ఆయన సంతకం ఉర్దూలో చేస్తాడు. అప్పు పత్రం మీద ఉన్నది ఇంగ్లీషు సంతకం. ఈ ఒక్క తేడాను సంబంధిత అధికారి కళ్ళతో చూసి ఒప్పుకోవడానికి మేము ఆయనతో నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది. ఆ నాలుగు రోజుల కిరాయి ఆయనకు పోయింది. "సంతకం నీది కాకపోతే ఎవరిదో నువ్వే చెప్పు" అన్నది అక్కడ విన్న మొదటి మాట. నేరస్థుణ్ణి వెదకవలసిన పని బాధితుడికి ఎప్పుడు అప్పగించారో మాకు తెలియదు.

ఇటువంటి ఉదంతాలు బయటికి వచ్చినప్పుడల్లా అధికారులు ఒక అవగాహన సదస్సు పెడతారు. ప్రజలు జాగ్రత్తగా ఉండాలంటారు. నకళ్ళు ఎవరికి పడితే వారికి ఇవ్వకూడదంటారు. ఈ ఉపదేశంలో అబద్ధం లేదు, సగం నిజం మాత్రమే ఉన్నది. 2018లో పెద్దపల్లి జిల్లాలో జరిగిన సంగతి ఇంకా ఎవరూ మరచిపోలేదనుకుంటాము. ఒక సిమ్ముల దుకాణదారుడు భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను తీసుకుని, రబ్బరు ముద్రలుగా తయారుచేసి, వాటితో వేలకొద్దీ సిమ్ములను పరుల పేర్ల మీద ప్రారంభించాడు. ఆ దస్తావేజులు అతనికి ఎవరి జేబులోనో దొరకలేదు. సాక్షాత్తు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆధార్ అంకెతో, వేలిముద్రతో సహా ఎవరైనా చూడగలిగేటట్లు ఉన్నాయి. అర ఎకరం అమ్ముకున్న రైతు ఇందులో చేసిన అజాగ్రత్త ఏమిటి? బొటనవేలు వేయమన్నచోట వేశాడు. రహస్యపదం పోతే మార్చుకోవచ్చు, తాళం పోతే మార్చుకోవచ్చు. బొటనవేలును ఏ బజారులో మార్చుకోవాలి?

ఉపదేశం చేసేవారికైనా తమ ఉపదేశం మీద నిలకడ ఉన్నదా అంటే అదీ లేదు. 2022 మే 27న ఆధార్ ప్రాధికార సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, ఆధార్ నకళ్ళు దుర్వినియోగమయ్యే అవకాశమున్నది కాబట్టి ఎవరికీ ఇవ్వవద్దని, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమని ప్రకటించింది. రెండు రోజులు గడవకముందే కేంద్ర ప్రభుత్వం ఆ ప్రకటనను అపార్థానికి తావిస్తుందంటూ ఉపసంహరించింది. మామూలు వివేకంతో మెలగితే చాలునట. రేషను కార్డుకు నకలు, బడిలో చేర్పించడానికి నకలు, లాడ్జిలో గదికి నకలు, షాదీ ముబారక్ దరఖాస్తుకు నకలు అడిగే వ్యవస్థలో, పేదవాడు తన వివేకాన్ని ఏ కిటికీ దగ్గర ప్రదర్శించాలి? నకలు ఇవ్వను అంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఆ దరఖాస్తుల కట్టలు గడువు తీరిన తరువాత ఎక్కడికి పోతాయో గుమాస్తాగా పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. నియమం ప్రకారం వాటిని ధ్వంసం చేయాలి. పాత కాగితాల బండి వాడికి తూకానికి పోయిన కట్టలనూ మేము చూశాము.

చట్టం కూడా చాలాకాలం పేరు పోయినవాడి పక్షాన లేదు. 2016 నాటి ఆధార్ చట్టం 47వ సెక్షను ప్రకారం ఆ చట్టం కింది నేరం మీద కోర్టుకు ఫిర్యాదు చేసే హక్కు ప్రాధికార సంస్థకే ఉండేది. సొమ్ము మనది, ఫిర్యాదు హక్కు మరొకరిది! 2019 సవరణ వచ్చాకనే కొన్ని నేరాల విషయంలో కార్డుదారుడికి ఆ హక్కు దక్కింది.

ఇక మన సమాజానికి నేరుగా తగిలిన దెబ్బ సంగతి. 2023 ఆగస్టులో కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ వెల్లడించిన వివరాల ప్రకారం, మైనారిటీ విద్యార్థుల ఉపకార వేతనాలు పొందుతున్న సంస్థల్లో 1,572ను తనిఖీ చేయగా 830 సంస్థలు బోగస్సువనో, పనిచేయనివనో తేలింది. ఐదేళ్ళలో 144.83 కోట్ల రూపాయలు దారిమళ్ళాయి. ఛత్తీస్‌గఢ్‌లో చూసిన 62 సంస్థలకు 62 సంస్థలూ బోగస్సే. లేని బడులకు పిల్లల పేర్లు ఎక్కడివి, ఆధార్ అంకెలు ఎక్కడివి, ఖాతాలు ఎక్కడివి? 2020లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక జార్ఖండ్‌లో జరిపిన పరిశోధన ఆ మర్మాన్ని ముందే విప్పింది. దళారులు పేదల ఆధార్, వేలిముద్ర, బ్యాంకు వివరాలు తీసుకుని వారి పేర్ల మీద వేతనం కాజేశారు. ఈ డబ్బు సౌదీ నుంచి వస్తున్నదని కొందరికి నమ్మబలికారు కూడా. సౌదీ పేరు చెబితే మనవాళ్ళు మరో ప్రశ్న వేయరని ఆ దళారికి తెలుసు! ఇందులో బాధితుడెవరు? ఖజానా ఒక్కటే కాదు. ఫలానా షేక్ కుమారుడు వేతనం తీసుకున్నాడని రికార్డులో ఉంటుంది, ఆ కుమారుడి చేతికి నోటు పుస్తకం కూడా రాదు. రేపు విచారణ జరిగితే ఖాతా ఎవరి పేరిట ఉన్నదో వారికే నోటీసు. ఈ లోపల 1 నుంచి 8వ తరగతి వరకు ఉపకార వేతనాన్ని విద్యా హక్కు చట్టం సాకుగా చూపి 2022లోనే ఆపివేశారు. దొంగలకు తాళం వేయలేకపోయినవారు పిల్లల వేతనానికి మాత్రం చక్కగా తాళం వేశారు.

ఇది డబ్బుతో పోయే సంగతయితే ఇంత దూరం రాసేవాళ్ళం కాదు. ఒక సిమ్ము మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోగలదో డాక్టర్ మహమ్మద్ హనీఫ్‌ను అడగాలి. బ్రిటన్ విడిచి వెళ్ళేటప్పుడు తన సిమ్మును బంధువుకు ఇచ్చి వెళ్ళినందుకు 2007 జూలై 2న ఆస్ట్రేలియాలో ఆయనను ఉగ్రవాద చట్టం కింద నిర్బంధించారు. పేలుడుకు తెచ్చిన వాహనంలో ఆ సిమ్ము దొరికిందని కోర్టులో చెప్పారు. అది వందల మైళ్ళ దూరాన మరో ఊరిలో దొరికిందని తరువాత బయటపడింది. ఆ నెల 27న అభియోగం ఉపసంహరించుకున్నారు, తరువాతి విచారణలో ఆయన నిర్దోషి అని తేలింది, పరిహారమూ చెల్లించారు. సిమ్మును స్వయంగా ఇచ్చినవాడి గతే అది. ఇవ్వకుండానే తన పేరు మీద సిమ్ము తిరుగుతున్నవాడి గతి ఏమిటి?

అదే ఏడాది మే 18న మక్కా మస్జిద్‌లో పేలుడు జరిగింది. ఆ తరువాత హైదరాబాదులో ముస్లిం యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. పేలుడుకు వాడిన సిమ్ములు తప్పుడు గుర్తింపు పత్రాలతో కొన్నవని దర్యాప్తు సంస్థలే తరువాత చెప్పాయి. తప్పుడు పేరు వెనుక దాగినవాడిని పట్టుకోవడానికి సంవత్సరాలు పట్టింది, సొంత పేరుతో సొంత ఇంట్లో ఉన్నవాడిని పట్టుకోవడానికి ఒక రాత్రి చాలింది. నిర్దోషులుగా తేలిన యువకులకు ప్రభుత్వం పరిహారం ఇస్తే, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. 2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి ఆధార్ కార్యాలయం నుంచి నోటీసులు వెళ్ళాయి. అందులో ఒక ఆటో డ్రైవరుకు అందిన నోటీసు ఏకంగా పౌరసత్వం రుజువు చేసుకొమ్మన్నది. పౌరసత్వ సవరణ చట్టం మీద దేశమంతా అట్టుడుకుతున్న రోజులవి. గొడవ చెలరేగాక, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇచ్చుకున్నది. సంబంధం లేనప్పుడు ఆ మాట నోటీసులోకి ఎట్లా వచ్చింది?

మన వైపు కూడా చూడాలి. చూడకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు. ప్రతి ఎన్నికల ముందు, ప్రతి పథకం ముందు బస్తీల్లో శిబిరాలు పెట్టి ఆధార్ నకళ్ళు సేకరించే చోటా నాయకులు ఎవరు? మనవాళ్ళే. ఆ సంచి తరువాత ఏ ఇంటి అటక మీద ఉన్నదో ఎవరూ అడగరు. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును అమానత్ అంటాము. వంద రూపాయల అమానత్‌కు లెక్క చెప్పే మనిషి, వంద కుటుంబాల గుర్తింపు పత్రాలకు లెక్క చెప్పనవసరం లేదనుకోవడం ఏమి న్యాయం? కొందరు యువకులు రెండు మూడు వేల కోసం తమ బ్యాంకు ఖాతాలను, సిమ్ములను అపరిచితులకు అద్దెకిస్తున్నారు. దీనిని దొంగతనం అనము, పేరును అమ్ముకోవడం అంటాము. ఆ ఖాతాలోకి ఏ వృద్ధుడి పింఛను సొమ్మో కొల్లగొట్టబడి వచ్చినప్పుడు, పోలీసులు వచ్చేది ఖాతా ఉన్న ఇంటికే. అప్పుడు వివక్ష అని మేము కేకలు వేసినా వినేవారుండరు. నిజంగా మోసపోయిన పది మంది ఫిర్యాదును ఈ ఒక్కడు పలుచన చేస్తున్నాడు.

డ్రైవర్ల సోదరులకు వేరుగా ఒక మాట. కిరాయి బండి ఇచ్చే యజమానులు అసలు లైసెన్సును తాకట్టు వస్తువులా దగ్గర ఉంచుకుంటున్నారు. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షను కింద లైసెన్సును స్వాధీనపరచుకునే అధికారం పోలీసు అధికారికీ ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తికీ ఉన్నది, అదీ రసీదు ఇచ్చి. బండి యజమానికి లేదు. ఇవ్వకండి.

మేము కోరుతున్నవి పెద్ద కోరికలు కావు. పేరు దొంగిలించబడిందని వచ్చినవాడిని ముందు ఫిర్యాదుదారుగా నమోదు చేయండి. సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను దీనిని మూడేళ్ళ జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా గల నేరంగా చెబుతున్నది. మోసంతో, పరుల పేరుతో సిమ్ము తీసుకుంటే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం మూడేళ్ళ జైలు, 50 లక్షల వరకు జరిమానా అంటున్నది. ఆ జరిమానా సిమ్ము అమ్మిన కౌంటరు దాకా ఎన్నిసార్లు వెళ్ళిందో జిల్లా జిల్లాకూ లెక్క ప్రకటించండి. నకలు తీసుకున్న ప్రతి కార్యాలయం రసీదు ఇవ్వాలి, పని అయిపోయాక ధ్వంసం చేసినట్లు రిజిస్టరులో రాయాలి. గుమాస్తాలు ఇది అసాధ్యమంటారు. మేము గుమాస్తాలమే, అసాధ్యం కాదు.

పాఠకులు ఈ నెలలోనే ఇంట్లో కూర్చుని చేయగల పని ఉన్నది. సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ నంబరు ఇస్తే మీ పేరిట ఎన్ని సిమ్ములు ఉన్నాయో కనిపిస్తాయి. మన రాష్ట్రాల్లో ఒక్కరి పేరిట తొమ్మిదికి మించి ఉండరాదు. మీది కానిదానిని అక్కడే ‘నాది కాదు’ అని గుర్తించవచ్చు. ఆధార్ వేలిముద్రకు తాళం వేసుకునే సదుపాయం ఉన్నది, రేషను రోజున తీసి మళ్ళీ వేసుకోవచ్చు. నకలు ఇవ్వక తప్పనప్పుడు దాని మీద అడ్డంగా ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి, నగరంలోనైతే కమిషనరుకు, రిజిస్టరు పోస్టులో పంపండి. రసీదును పారవేయకండి. దరఖాస్తు రాయడం రానివారు జుమా నమాజు తరువాత తమ బస్తీలోని చదువుకున్నవారిని అడగండి, ఆ చదువుకున్నవారు కాదనకండి.